వారానికో గుప్పెడు దూది

కొత్తగా యోగా టీచర్లుగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేస్తుంటారు. క్షేమ సమాచారాలు అయ్యాక అందరూ అడిగేది ఒకటే. "మేడమ్, ఏ రకం యోగా మంచిదండీ?" ఆసనంలో నెమ్మదిగా నిలిచే హఠయోగమా, ఆగకుండా ఒక ఆసనంలోంచి ఇంకో ఆసనంలోకి పోయే విన్యాసమా, దిండ్లూ బెల్టులూ ఆసరా పెట్టుకుని చేసేదా, కళ్ళు మూసుకుని పడుకునే యోగనిద్రా? ఏదో ఒక పేరు చెప్పేస్తే బోర్డు రాయించుకుందామని వాళ్ళ తొందర. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో అయితే తడుముకోకుండా చెప్పేదాన్ని. ఇప్పుడు చెప్పలేను. ఎందుకు చెప్పలేనో తెలియాలంటే పరుపులు కుట్టే సాయిబు గారి సంగతి వినాలి.

నా ఆఖరి పోస్టింగు చిలకలూరిపేట దాటాక, ఒంగోలు వైపు వెళ్ళే హైవే పక్కన ఒక చిన్న ఊళ్ళో. ఆసుపత్రి ఆవరణలో మా యోగా కేంద్రానికొక పొడవాటి గది ఇచ్చారు. పక్క గదిలో డాక్టరు గారు కూర్చునేవారు. చాపలు పరవడానికి, హాజరు పట్టీ చూడటానికి నాకు సాయంగా ఒక ఆయా ఉండేది. ఈ పనికి రాకముందు ఇరవై ఏళ్ళు మిరపకాయలకు తొడిమలు తీసిన మనిషి. పొద్దస్తమానం గొంతుక్కూర్చోవడం అలవాటు కాబట్టి నేను వారం రోజులు నేర్పే మలాసనాన్ని ఆవిడ చీపురు పట్టుకుని మాట్లాడుతూ చేసేసేది. దాన్ని ఆసనం అంటారని చెబితే మూతి తిప్పింది.

"ఇదా? దీనిక్కూడా పేరు పెట్టారా మేడమ్?"

అసలు లోపం నా దగ్గరుంది. ఆ ఊరు వచ్చేముందే నెల రోజుల శిక్షణకు వెళ్ళొచ్చాను. అక్కడ విన్యాస పద్ధతి నేర్పారు. ఒక శ్వాసకు ఒక కదలిక, ఆగేది లేదు. చెమట ధారగా కారేది, ఒళ్ళు తేలికపడేది, బుర్రలో ఉన్న చెత్తంతా పోయి కడిగిన పలకలా అయ్యేది. నాకది బాగా పట్టింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, వచ్చిన దగ్గర్నుంచీ ఎవరు కనిపించినా అదే చేయించాను. బ్యాంకులో పనిచేసే ఒకమ్మాయికి నిజంగానే మేలు చేసింది. నిద్ర పట్టేది కాదు, అయినదానికీ కానిదానికీ ఇంట్లో అరిచేదట. రెండు నెలలకు ఆ అమ్మాయి భర్త వచ్చి నాకు దణ్ణం పెట్టి వెళ్ళాడు. దాంతో నా తలపొగరు ఇంకాస్త పెరిగింది. దిండ్లు పెట్టుకుని చేసే పద్ధతిని బద్ధకస్తుల యోగా అని అందరి ముందూ ఎగతాళి చేసేదాన్ని.

ఇంకో అలవాటు కూడా చెప్పాలి. కాళ్ళు వెనక్కి మడిచి మడమల మీద కూర్చునే వజ్రాసనం చేయించేటప్పుడు నేను కూర్చునేదాన్ని కాదు. వరసల మధ్య తిరుగుతూ వీపులు సరిచేసేదాన్ని. టీచరు కూడా కూర్చుంటే మిమ్మల్ని చూసేదెవరు అనేదాన్ని. 

పత్తి లారీలు జిన్నింగు మిల్లుల ముందు బారులు తీరే రోజుల్లో ఒక పొద్దున సాయిబు గారు వచ్చారు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. బస్టాండు వెనక పరుపుల కొట్టు ఆయనదే. దూదేకే మిషను కొడుకు చూసుకుంటాడు, కుట్టుపని మాత్రం పెద్దాయనది. కనుబొమల్లో నూగు దూది అంటుకుని ఉంది. గుమ్మం పట్టుకుని నిలబడి అడిగారు.

"టీచరమ్మా, నన్ను నేల మీద కూర్చోబెట్టగలరా?"

మోకాళ్ళు వంగక మూడేళ్ళయిందట. నమాజు కూడా కుర్చీలోనే చేసుకుంటున్నారట. అయితే ఆయన తొందర వేరే. రంజాన్ వెళ్ళాక ఒంగోలులో ఉండే మనవరాలి పెళ్ళి.

"మా ఇంట్లో ఏ ఆడపిల్ల పెళ్ళయినా పరుపు నేనే కుట్టా. చెల్లెళ్ళకి కుట్టా, కూతుళ్ళకి కుట్టా. ఈ పిల్లకి కుట్టకపోతే ఎట్టా? ఫోము పరుపు కొందామంటన్నాడు మావాడు. కొనుక్కోరా, దాని మీద నువ్వు పడుకో అన్నా."

"నిలబడి కుట్టకూడదా సాయిబు గారూ?"

"దిండయితే బల్ల మీద పెట్టి కుడతానమ్మా. పరుపు అట్టా కుదరదు. దాని మీద కూర్చుని, చేత్తో తడుముకుంటా కుట్టుకు రావాలి. యాడ గడ్డ కట్టిందో, యాడ పల్చబడిందో కూర్చున్న మనిషికే తెలిసిద్ది. రెండు రోజుల పని. ఆ రెండు రోజులు కూర్చోగలిగితే చాలు నాకు."

నాలుగు నెలల గడువుంది. నాలుగు నెలలెందుకు, మూడు చాలన్నాను. మంత్రాలేమన్నా చదవాలా అని మొహమాటంగా అడిగారు. ఊపిరి పీల్చి వదలడమే, ఎవరి దేవుణ్ణి వాళ్ళు మనసులో తలుచుకోవచ్చన్నాను. "ఊపిరి పీల్చటం పుట్టిన కాడ్నించీ చేస్తన్నదేగా," అని నవ్వి చాప మీదికి వచ్చారు.

ఆ మనిషికి నేను మొదటి రోజే సూర్య నమస్కారాలు మొదలుపెట్టించాను. అందరితో పాటు అదే వేగం. ఆయన వెనకబడితే చప్పట్లు కొట్టి హుషారు చేసేదాన్ని. నాలుగో రోజు మోకాలు వంచి కిందికి దిగే చోట ఆగిపోయి నొప్పిగా ఉందన్నారు. "నొప్పి దాటితేనే ఫలితం, ఇంకొంచెం దిగండి," అన్నాను. పెద్దమనిషి, టీచరు మాట కాదనలేక దిగారు. మోకాలి దగ్గర టక్కుమన్న చప్పుడు నాకు వినిపించింది. ఆయన అరవలేదు. గోడ పట్టుకుని లేచి, వస్తానమ్మా అని వెళ్ళిపోయారు.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

"ఇయ్యాల గూడా రాలా మేడమ్," అంది ఆయా చాప మడుస్తూ. "మోకాలు గుమ్మడికాయంత అయిందంట. యోగాకి పోతే కాళ్ళిరగదీస్తారని కొడుకు బజారంతా చెప్తన్నాడు."

సిగ్గుతో నాకు ఆ రోజు అన్నం సహించలేదు. డాక్టరు గారి గదిలోకి వెళ్ళి జరిగింది చెప్పాను. ఆయన అప్పటికే సాయిబు గారి ఎక్స్‌రే చూసేశారు. ఎముక మరీ అరగలేదని, వాపు పది రోజుల్లో తగ్గుతుందని, వాడకపోవడం వల్ల కండరాలు బిగుసుకుపోయాయని చెప్పారు. నెమ్మదిగా చేయిస్తే కూర్చునే అవకాశం లేకపోలేదన్నారు. తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఇంకో మాట అన్నారు.

"మేడమ్ గారూ, మీ యోగాలో ఎన్ని రకాలున్నాయో నాకు తెలియదండి. మోకాళ్ళలో మాత్రం చాలా రకాలున్నాయి."

సాయంత్రం పరుపుల కొట్టుకు వెళ్ళాను. ఆయన బల్ల ముందు ఒంటికాలి మీద బరువు వేసి నిలబడి దిండు కుడుతున్నారు. అటక మీద ఎర్ర చారల పరుపు గుడ్డ మడత పెట్టి ఉంది. పెళ్ళికూతురిదేనని అడక్కుండానే తెలిసింది. కొడుకు నన్ను చూసి మిషను చప్పుడు పెంచాడు. నేను ఆ చప్పుడులోనే తప్పు నాదని చెప్పాను. మా ఉద్యోగంలో ఈ మాట అనడం శీర్షాసనం కంటే కష్టం, అందుకే మీకు ప్రత్యేకంగా చెబుతున్నాను. వాపు తగ్గాక ఒక్కసారి రమ్మని, ఈసారి పడుకోవడం తప్ప ఏమీ చేయించనని బతిమాలాను. ఆయన కొడుకు వైపు చూసి, నా వైపు చూసి, సరేనన్నారు.

ఇక ఆసరా పద్ధతి మొదలుపెట్టాలి. దానికి బోల్‌స్టర్లు కావాలి, అంటే తలగడల్లాంటి పొడవాటి గుండ్రటి దిండ్లు. మా దగ్గర ఒక్కటి కూడా లేదు, అడిగితే ఎప్పటికి వస్తాయో తెలియదు. నాకొక ఉపాయం తట్టింది. మిరపకాయలు నింపే గోతాలు, మా వైపు టిక్కీలంటాం, అవి ఊళ్ళో ఎక్కడ చూసినా దొరుకుతాయి. వాటిని ఉతికి పాత గుడ్డలు కూరితే సరి.

"వద్దు మేడమ్," అంది ఆయా. "ఎన్ని నీళ్ళు పోసినా దాని ఘాటు పోదు. ఇరవై ఏళ్ళు వాటి మధ్య కూర్చున్నదాన్ని."

"రెండుసార్లు సబ్బుతో ఉతికితే అదే పోతుంది."

ఆవిడ గోతాలు ఎత్తుకుని కుళాయి దగ్గరికి పోయింది. రెండుసార్లు ఉతికింది, ఎండేసింది, కూరింది, మూతి కుట్టింది. సాయిబు గారు తిరిగొచ్చిన రోజున ఇరవై మందికి ఇరవై టిక్కీ దిండ్లు. మెత్తగా ఉండాలని ఒక్కొక్కదాన్నీ నా చేత్తోనే నాలుగు బాది మరీ ఇచ్చాను. మోకాళ్ళ కింద ఒకరు, వీపు కింద ఒకరు పెట్టుకుని పడుకున్నారు. నేను గొంతు తగ్గించి యోగనిద్ర మొదలుపెట్టాను. కుడికాలి బొటనవేలు విశ్రాంతిగా ఉంది, కుడి మడమ విశ్రాంతిగా ఉంది అంటూ మోకాళ్ళ దాకా వచ్చేసరికి ఎవరో తుమ్మారు. నడుము దగ్గరికి వచ్చేసరికి నలుగురు. ఛాతీ చేరేసరికి గదిలో పడుకున్నవాళ్ళు లేరు. కళ్ళు మండి, ముక్కులు కారి, ఒకరినొకరు తోసుకుంటూ కుళాయి దగ్గరికి పరిగెత్తారు. బ్యాంకు అమ్మాయి గోడకు తల ఆనించి దగ్గుతోంది. ఏం జరిగిందోనని వచ్చిన డాక్టరు గారు గుమ్మంలోనే మూడు తుమ్ములు తుమ్మి వెనక్కి వెళ్ళిపోయారు. ఆయా ఒక్కతే నిమ్మళంగా నిలబడి ఉంది. ముక్కు చుట్టూ కొంగు కట్టుకునే క్లాసుకు వచ్చిందని అప్పుడు గమనించాను.

నా పని అయిపోయిందనుకున్నాను. సాయిబు గారు ఇక జన్మలో ఈ గడప తొక్కరు. తిరిగి చూస్తే ఆయన గోడకు ఆనుకుని, కళ్ళవెంట నీళ్ళు కారుతుంటే, పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. నవ్వు ఆపుకుని ఒక టిక్కీ దిండు తీసి, అటూ ఇటూ నొక్కి చూసి, వాసన చూసి మళ్ళీ తుమ్మారు.

"టీచరమ్మా, మీకు యోగా తెలుసు, నాకు దిండు తెలుసు. ఎవరి పని వాళ్ళం చేద్దాం."

మరుసటి వారం ఆయన కొలతలు తీసుకున్నారు. నేను ఒక్కటే సైజు చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు. ఒక్కొక్కర్నీ కూర్చోబెట్టి, మోకాలికీ నేలకీ మధ్య ఎంత ఖాళీ ఉందో జానతో, బెత్తెడుతో కొలిచి సున్నంతో గోడ మీద గీతలు పెట్టుకున్నారు. మెత్తటి బూరుగు దూది పెట్టమంటే దానికీ ఒప్పుకోలేదు. అది నాలుగు రోజుల్లో అణిగిపోతుందని, ఆసరా అనేది గట్టిగా ఉండాలని పత్తి దూది దట్టించి కుట్టారు. నేను కొలత ఇవ్వబోతే నాది మాత్రం తీసుకోలేదు. "మీరు కూర్చోరుగా టీచరమ్మా," అన్నారు మామూలుగా. నేను వేరే మాటలోకి దిగాను.

ఆయన తనకోసం కుట్టుకున్నది ఒకటిన్నర జాన ఎత్తు. కాళ్ళు వెనక్కి మడిచి, మధ్యలో అది పెట్టుకుని దాని మీద కూర్చుంటే మోకాలికి నొప్పి తెలియలేదు. మొదటి రోజు పది శ్వాసలు కూర్చున్నారు. అది వజ్రాసనమని, జీర్ణశక్తికి మంచిదని, వెన్ను నిటారుగా నిలుస్తుందని నేను చెబుతుంటే తల ఊపారు.

"నమాజులో కూర్చునేది ఇట్టానేగా అమ్మా. చిన్నప్పట్నించీ కూర్చున్నదే. మజ్జలో తప్పిపోయింది."

శనివారం వచ్చేసరికి ఇరవై శ్వాసలు కూర్చున్నారు. అప్పుడు ఆయన చేసిన పని నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. జేబులోంచి దబ్బనం, అంటే పరుపులు కుట్టే పెద్ద సూది, తీసి దిండు మూతి విప్పి, ఒక గుప్పెడు దూది బయటికి లాగి, మళ్ళీ కుట్టేశారు. ఆ దూదిని ఒక గుడ్డ సంచిలో వేసి మేకుకు తగిలించారు. వారానికో గుప్పెడు తీస్తే, దిండు దిగిన కొద్దీ మనిషి దిగుతాడన్నది ఆయన లెక్క. డాక్టరు గారు అది విని ఆ దిండును తన చేత్తో నొక్కి చూశారు. తర్వాత తన రోగుల్ని ఇద్దర్ని పంపించారు.

ఆ నాలుగు నెలలూ నేను మళ్ళీ విద్యార్థినయ్యాను. ఉదయం మొదటి గంట బ్యాంకు అమ్మాయి లాంటి వాళ్ళకు విన్యాసం అలాగే ఉంచాను, వాళ్ళకు అది కావాలి. రెండో గంట నెమ్మది హఠయోగం. పనిలోకి పోయేముందు వచ్చే, మిరప తొడిమలు తీసే ఆడవాళ్ళకు యోగనిద్ర. వాళ్ళకు కాళ్ళూ నడుమూ నేను నేర్పక్కర్లేదు. వాళ్ళకు లేనిదల్లా పడుకోవడం. "పగటిపూట నడుం వాలిస్తే మా అత్త తిట్టిద్ది," అంది అందులో ఒకామె. "ఇక్కడ మేడమే పడుకోమంటారు. ఇంకేం కావాలి?" పదిహేను నిమిషాలు పడుకుని లేచిన ఆ మొహాలు చూస్తే బద్ధకస్తుల యోగా అన్న నా నోటిని నేనే తిట్టుకున్నాను.

సాయిబు గారికి ఎక్కువ మేలు చేసింది ఆసనం కాదేమో. ఊపిరి పీల్చిన దానికి రెండింతలు సేపు వదలమని చెప్పేదాన్ని. పుట్టిన దగ్గర్నుంచీ చేస్తున్న పనే కొత్తగా చేస్తున్నానని మురిసిపోయేవారు. నెలన్నర అయ్యాక ఒకరోజు ఆయనే అన్నారు. "మోకాలికంటే ముందు భయం వంగిందమ్మా. కూర్చోబోతే చాలు, ఇరుగుద్దేమోనని ఒళ్ళంతా బిగుసుకునేది. ఇప్పుడు బిగుసుకోవట్లా."

అలాగని అంతా సాఫీగా సాగలేదు. పదో వారం ఆయన దిండు చూస్తే అనుమానమొచ్చింది. గోడ మీద ఆ వారానికి పెట్టిన గీతకూ దానికీ పొంతన లేదు. నిలదీస్తే ఒకేసారి మూడు గుప్పెళ్ళు తీసేశానని ఒప్పుకున్నారు. మోకాలు మళ్ళీ లాగుతోందట. పెళ్ళికూతురు ఒంగోలు నుంచి ఫోన్ చేసి, తాత కుట్టిన పరుపే కావాలి, ఎప్పుడు మొదలుపెడతావని అడిగిందట. నాకు కోపం ఆగలేదు.

"ఇంత తొందరైతే ఎట్లా సాయిబు గారూ? మోకాలు ఏమైపోవాలి?"

"మీరు మొదట్లో చేసిందే నేనూ చేశా టీచరమ్మా," అన్నారు తల వంచుకుని, అమాయకంగా. వెనక నుంచి ఆయా నవ్వు వినిపించింది. సంచిలోంచి రెండు గుప్పెళ్ళు తీసి నేనే లోపల పెట్టాను.

రంజాన్ నెలంతా ఉపవాసంతోనే వచ్చారు. ఆ నెల ఎక్కువగా పడుకోబెట్టి శ్వాసే చేయించాను. పండగ వెళ్ళిన నాలుగో రోజు ఆయన కొడుకు స్వయంగా కేంద్రానికి వచ్చాడు. నా ముందు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డాడు.

"నాన్న రేపు పరుపు మొదలుపెడతానంటన్నాడు మేడమ్ గారూ. మీరొస్తేనే కూర్చుంటాడంట."

మర్నాడు క్లాసును అక్కడికే మార్చేశాను. కొట్టు వెనక రేకుల షెడ్డులో ఎర్ర చారల గుడ్డ పరిచి, దూది పరిచి, పైన ఇంకో గుడ్డ కప్పి సిద్ధంగా ఉంచారు. డాక్టరు గారు కూడా ఏదో పని మీద అటు వచ్చినట్టు వచ్చి నిలబడ్డారు. సాయిబు గారు చెప్పులు విడిచి, నా వైపు ఒకసారి చూశారు. ఆయన దిండు చేతిలో పట్టుకుని నేను ముందుకెళ్ళాను. అప్పటికది నాలుగు వేళ్ళ ఎత్తుకు వచ్చింది. చేత్తో వద్దన్నారు. ఊపిరి పీల్చి, నెమ్మదిగా వదులుతూ, ఒక చెయ్యి నేలకు ఆనించి, ఒక మోకాలు మడిచి, రెండోది మడిచి, పరుపు అంచు మీద కూర్చున్నారు. మిషను ఆగి ఉంది. ఎవరూ కదల్లేదు. ఆయన మాత్రం మమ్మల్ని పట్టించుకోలేదు. అరచేత్తో పరుపును తడిమి, "ఇక్కడ పల్చగుంది, ఇంకాస్త దూది తేరా," అని కొడుకును కేకేశారు. అతను దూది తేవడానికి లోపలికి పోయి, కళ్ళు తుడుచుకుని మరీ బయటికొచ్చాడు. నేనైతే దాచుకోలేదు, అందరి ముందే ఏడ్చాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో అంత ఆనందం నాకు ఎప్పుడూ కలగలేదు.

రెండు రోజులు కుట్టారు. గంటకోసారి లేచి కాళ్ళు చాపుకోవాలన్న నా షరతు ఒప్పుకున్నారు. పక్కన ఆయా కూర్చుని దారం అందించింది. ఆఖరి ముడి వేశాక మనవరాలికి వీడియో కాల్ చేసి చూపించారు. ఆ పిల్ల పరుపును చూడలేదు. "తాతా, నువ్వు కింద కూర్చున్నావా?" అంది.

పెళ్ళయిన వారానికి సాయిబు గారు కేంద్రానికి వచ్చి నా బల్ల మీద ఒక దిండు పెట్టారు. అదే ఎర్ర చారల గుడ్డ. గుండ్రంగా, గట్టిగా, ఒక జాన ఎత్తుంది.

"ఎవరికి సాయిబు గారూ?"

"మీకే. నా దిండులోంచి తీసిన దూదంతా ఇందులోనే ఉంది."

నాకేం అర్థం కానట్టు నవ్వాను. ఆయన నవ్వలేదు.

"మనిషి ఎట్టా కూర్చుంటాడో, ఎట్టా పడుకుంటాడో చూసి పరుపు కుట్టేవాణ్ణమ్మా నేను. మొదటి రోజే చూశా. మీ ఎడమ మోకాలు. అందర్నీ కూర్చోబెడతారు, మీరు తిరగతా ఉంటారు. అడిగితే బాధపడతారని అడగలా."

రెండేళ్ళుగా నేను నేల మీద కూర్చోలేకపోతున్నాననే సంగతి మా ఇంట్లో వాళ్ళకే తెలియదు. యోగా టీచరుకు మోకాలి నొప్పి అంటే నలుగురూ నవ్వుతారని దాచుకున్నాను. డాక్టరు గారు పక్క గదిలోనే ఉన్నా ఆయనకూ చెప్పలేదు.  సాయిబు గారు జేబులోంచి దబ్బనం తీసి దిండు పక్కన పెట్టారు.

"వారానికో గుప్పెడు. ఒకేసారి మూడు తీయబాకండి," అని చెప్పి వెళ్ళిపోయారు.

మర్నాడు క్లాసులో వజ్రాసనం దగ్గరికి వచ్చేసరికి ఆ దిండు తెచ్చుకుని, అందరి ముందూ, వరసలో ఆయన పక్కన కూర్చున్నాను. ఎవరూ నవ్వలేదు. ఆయా మాత్రం నా వెనక్కి వచ్చి, వీపు మీద చెయ్యి పెట్టి సరిచేసింది.

రిటైరై ఇప్పటికి కొంతకాలమైంది. ఆ దిండు మీద కూర్చునే ఇది రాస్తున్నాను. దబ్బనం నా పక్కనే ఉంది. నా మోకాలిది ఇంకా నెమ్మది రకం, వారానికి కాదు, నెలకో గుప్పెడే. ఇంకా రెండు గుప్పెళ్ళు మిగిలాయి.